గద్వాల అంచు మెరుపు, గిలక వెనక నలుపు

నల్లగొండ దగ్గరి బత్తాయి రైతు ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. తోటలో కాలువ దాటుతుంటే కాలు మడతపడ్డది. చీలమండ బయటి గిలక వెనక నొప్పి వారాలైనా తగ్గలేదు. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో నరం ఒకచోట నల్లగా కనిపించింది. తెగిందేమోనని ఆయన గుండె జారింది. చర్మానికి ఆనించే స్కానింగ్ పరికరం ప్రోబు. డాక్టరు దాన్ని కాస్త వంచగానే అదే చోటు తెల్లగా వెలిగింది. "తెగిన నరం కండ్ల ముందే ఎట్లా అతుక్కుంటది సార్?"

ఎంత మంచి ప్రశ్న!

ఆ తెల్లటిది నరం కాదు, కండను ఎముకకు కట్టే తాడు, టెండాన్. మన ఊళ్లలో రెంటినీ నరమనే అంటాం. బడిలో పిల్లలు 'స్నాయుబంధనం' అని బట్టీపడతారు, దాన్ని చూడకుండానే పరీక్ష రాస్తారు. కోసిన కోడికాలిలో తెల్లటి తాడును లాగితే వేళ్లు ముడుచుకుంటాయి. తరగతిలో అదొక్కటి చూపిస్తే జన్మలో మరిచిపోరు.

బయటి గిలక వెనక ఇట్లాంటివి రెండున్నాయి. ఎముకను ఆనుకొని పెరోనియస్ బ్రెవిస్, దాని వెనక పెరోనియస్ లాంగస్. పాదాన్ని బయటివైపు తిప్పేవి ఇవే.

ఇప్పుడు ఇంట్లో గద్వాల చీర ఉంటే బయటికి తీయండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. కిటికీ దగ్గర పట్టుకొని మెల్లగా వంచి చూడండి. నూలు ఎటు వంచినా దాదాపు ఒకే తీరు. పట్టు మాత్రం ఒక వాలులో ధగధగలాడుతుంది, ఇంకో వాలులో మసకబారుతుంది. నూలులోని పొట్టి దూదిపీచులు వెలుగును నలుదిక్కులా చల్లుతాయి. నున్నటి పట్టుపోగులు బారుగా పడుకొని, అద్దంలా ఒక దిక్కుకే తిప్పికొడతాయి. మీ కన్ను ఆ దిక్కున ఉంటేనే మెరుపు.

టెండాన్ అచ్చం పట్టే. కొల్లాజెన్ అనే ప్రొటీనుతో అల్లిన దాని పోగులు పక్కపక్కనే బారులు తీరి ఉంటాయి. ప్రోబు లోపలికి శబ్దతరంగం పంపుతుంది. ఆ తరంగం పోగుల మీద నిటారుగా పడితే ప్రతిధ్వని నేరుగా వెనక్కి వస్తుంది, తెర తెల్లబడుతుంది. కొద్ది డిగ్రీలు వాలినా ప్రతిధ్వని పక్కకు పోతుంది. ఇక్కడ దీపమూ ప్రోబే, కన్నూ ప్రోబే. తిరిగి రానిది దానికి కనిపించదు, అందుకే నలుపు. దీన్నే అనైసోట్రోపీ అంటారు. గిలక దగ్గర ఈ రెండు టెండాన్లూ కొక్కెంలా మలుపు తిరుగుతాయి. ప్రోబు ముఖమేమో చదును. మలుపులో ఎక్కడో ఒకచోట వాలు తప్పదు, ఆ రైతు చూసిన నలుపు అదే.

పోగులు చిరిగిన పట్టును ఎట్లా వంచినా ఆ చోట మెరుపు రాదు. అందుకే డాక్టరు ప్రోబును అటూ ఇటూ వంచుతారు. వంచితే వెలిగే నలుపు వాలు వల్ల వచ్చింది. ఎంత వంచినా వెలగని నలుపుంటే చీలికను అనుమానించాలి. ఎమ్మారైనీ ఇదే బారు తికమకపెడుతుంది, కాకపోతే తలకిందులుగా. అయస్కాంత క్షేత్రానికి పోగులు సుమారు 55 డిగ్రీల వాలులో ఉంటే, కొన్ని రకాల చిత్రాల్లో బాగున్న టెండాన్ కూడా దెబ్బతిన్నట్టు తెల్లగా మెరుస్తుంది.

ఏళ్లుగా ఒకే మడతలో పెట్టిన పట్టుచీర మడత దగ్గరే చిరుగుతుంది. బ్రెవిస్ కూడా మలుపు దగ్గరే, ఎముకకూ లాంగస్‌కూ మధ్య నలిగి చీలుతుంది. చీర పోగులు మడత దగ్గర అడ్డంగా తెగుతాయి, బ్రెవిస్ మాత్రం ఎక్కువగా పోగుల వెంట నిలువునా చీలుతుంది. ఒక్కోసారి లాంగస్ ఆ చీలికలోకి దిగబడుతుంది.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు పోతుందని నమ్మి కాలు బెణికినా తొక్కించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ టెండాన్లను గాడిలో పట్టి ఉంచే పలుచని పట్టీ ఒకటుంది, రెటినాక్యులమ్. బెణుకులో అది ఊడితే టెండాన్ గిలక మీదికి ఎక్కి దిగుతుంది. తొక్కుడు ఆ పట్టీని అతికించదు, ఇంకా చెరుపుతుంది.

కాలు కదలకుండా ఉంచి తీసే ఎమ్మారైలో ఈ జారుడు దొరక్కపోవచ్చు. అల్ట్రాసౌండ్‌లో డాక్టరు పాదాన్ని పైకెత్తి బయటికి తిప్పమంటారు, తన చేత్తో అడ్డం పడతారు. అప్పుడు నొప్పున్నా సరే, కాస్త బలంగా తోయండి. జారే టెండాన్ అయితే ఆ క్షణంలోనే గిలక దాటి దూకడం తెరమీద మీకూ కనిపిస్తుంది.