ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెడితే యజమాని పేరు బయటికి రాదా? అపోహలు - వాస్తవాలు

"వయోమింగ్‌లో ఎల్‌ఎల్‌సీ పెట్టాను కదండీ, ఇక నా పేరు ఎక్కడా కనిపించదు" అని అమెరికాలో అద్దె ఇల్లు ఉన్నవారు ధీమాగా చెప్పినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇల్లు మొదట ఎవరి పేరు మీద కొన్నారు?

వయోమింగ్, డెలావేర్, న్యూ మెక్సికో రాష్ట్రాలు ఏర్పాటు పత్రంలో సభ్యుల పేర్లు అడగవన్నది నిజమే. అయితే ఆ గోప్యత ఆ రాష్ట్రపు రికార్డుకే పరిమితం. ఇల్లు టెక్సాస్‌లో ఉండి కంపెనీని అక్కడ కూడా రిజిస్టరు చేయవలసి వస్తే, ఆ దరఖాస్తులో నిర్వాహకుల పేర్లు, చిరునామాలు రాయాలి. మేనేజరుగా మరో కంపెనీని నియమించుకోనివారి గుట్టు అక్కడే బయటపడుతుంది.

అంతకన్నా ఎక్కువ నష్టం చేసేది డీడ్, అంటే ఆస్తి బదిలీ దస్తావేజు. ముందు సొంత పేరుతో కొని, తరువాత క్విట్‌క్లెయిమ్ డీడ్‌తో (తన హక్కును వదులుకుంటూ రాసే దస్తావేజు) కంపెనీకి మార్చినవారి పేరు కౌంటీ (జిల్లా వంటి విభాగం) రికార్డుల్లో ఉండిపోతుంది. కొత్త డీడ్ పాతదాన్ని చెరపదు, దాని తరువాత వచ్చి చేరుతుంది. పైగా, ఇచ్చినవారుగా మళ్లీ మీ పేరే అందులో ఉంటుంది.

ఖాళీ చేయించిన అద్దెదారు తన ఇంటి గుమ్మం దాకా వచ్చాడని భయపడుతూ ఒక మహిళ నా దగ్గరికి వచ్చారు. ఆమె మాత్రం ముందే కంపెనీ పెట్టి, దాని పేరుతోనే కొన్నారు. డీడ్ తెరిచి చూస్తే పై మూలన, "నమోదు తరువాత ఈ చిరునామాకు పంపండి" అన్న చోట, ఆమె పిల్లలతో ఉంటున్న ఇంటి చిరునామా ఉంది. ఆ గడిలో అడ్వకేటు కార్యాలయం చిరునామా ఇవ్వవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అజ్ఞాత కంపెనీ అంటూ డబ్బు తీసుకున్నవారు ఆ ఒక్క మాట చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అందుకే క్లోజింగ్‌కు (కొనుగోలు పూర్తి చేసే సంతకాలకు) ముందు డీడ్ ముసాయిదాను తెప్పించుకుని, పేరు, చిరునామా, సంతకం ఉన్న ప్రతి చోటునూ స్వయంగా చదవండి.

అప్పు ఉన్న ఇంటిని కంపెనీకి మార్చినా బ్యాంకు ఏమీ అనదన్న ప్రచారం కూడా నమ్మదగినది కాదు. 1982 నాటి గార్న్-సెయింట్ జెర్మైన్ చట్టంలో, ఇల్లు చేతులు మారినా బ్యాంకు అప్పంతా అడగకూడని సందర్భాల జాబితాలో ఎల్‌ఎల్‌సీకి చేసే బదిలీ లేదు కనుక, మిగిలిన అప్పంతా ఒకేసారి కట్టమని బ్యాంకు అడగవచ్చు.

ఐఆర్‌ఎస్‌కూ (అమెరికా పన్నుల శాఖ) బ్యాంకుకూ అసలు యజమాని ఎవరో చెప్పక తప్పదు, కానీ ఆ వివరాలు బహిరంగం కావు. యజమానుల వివరాలు ఫిన్‌సెన్‌కు (ఆర్థిక నేరాలపై నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ) పంపకపోతే జరిమానా పడుతుందని ఇంకా కంగారుపడుతున్నవారు, అమెరికాలో ఏర్పడిన కంపెనీలకు ఆ బాధ్యతను 2025 మార్చిలో తొలగించారని గమనించగలరు. ఇక అద్దెదారు దావా వేస్తే, యజమాని పేరు వెల్లడించమని కోర్టు ఆదేశించవచ్చు; అప్పుడు ఏ రాష్ట్రపు ఎల్‌ఎల్‌సీ అయినా ఆ పేరును దాచలేదు.