హినోకి బెరడు కొరత: ఒక కప్పు వెనుక 1,400 ఏళ్ల చరిత్ర

జపాన్‌లోని క్యోటోలో ఉన్న కియోమిజు బౌద్ధాలయ ప్రధాన మందిరం కప్పును సుమారు 50 ఏళ్ల తర్వాత తిరగనేసే పని 2017లో మొదలై 2020లో ముగిసింది. సైప్రస్ జాతికి చెందిన హినోకి చెట్టు బెరడును పొర మీద పొరగా పేర్చి, వెదురు మేకులు కొట్టి నేసే ఇలాంటి కప్పును సాధారణంగా 30, 40 ఏళ్లకోసారి మార్చాలి. బెరడు వలవాలంటే చెట్టుకు 70, 80 ఏళ్ల వయసు ఉండాలి; పైగా మొదటిసారి వచ్చేది ముతక బెరడు కనుక, మేలైనదాని కోసం మరో ఎనిమిది, పదేళ్లు ఆగాలి. తాడు సాయంతో చెట్టెక్కి, లోపలి పొర గాయపడకుండా బెరడు వలిచే పనివారు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు.

ఇంత అవస్థ పడే బదులు పెంకులు వేసుకోవచ్చు కదా అనిపించడం సహజమే. కానీ జపాన్‌లో పెంకు బౌద్ధంతో పాటు వచ్చిన వస్తువు. 588లో కొరియా ద్వీపకల్పంలోని బేక్జే రాజ్యం నుంచి పెంకుల నిపుణులు వచ్చి, అసుకా ఆలయ నిర్మాణంలో పాలుపంచుకున్నారు. అంతవరకు గడ్డి, బెరడు, చెక్క పలకలే కప్పులు. కాల్చిన మట్టి బరువు మోయడానికి రాతి పునాదులు, లావాటి స్తంభాలు, చూరును ఆపే చెక్క బోదెలు అవసరమయ్యాయి. జపాన్ దేశీయ మతమైన షింటో దేవతల నిలయాలు మాత్రం పాత పద్ధతినే పట్టుకున్నాయి. షింటోవారి ఇసే మహాక్షేత్రంలో స్తంభాలను నేరుగా నేలలో పాతి, పైన రెల్లులాంటి గడ్డి కప్పుతారు. ఆ క్షేత్రాన్ని మళ్లీ మళ్లీ కొత్తగా కట్టే సంప్రదాయం 690లో మొదలైంది; 62వ పునర్నిర్మాణం 2013లో జరిగింది. అక్కడ బౌద్ధ పదాలు పలకడం నిషిద్ధం కనుక మారుపేర్లు వాడేవారు. 927లో పూర్తయిన ఎంగిషికి అనే శాసన సంకలనం వాటిని నమోదు చేసింది: బౌద్ధాలయానికి 'పెంకుల కప్పు' అనే అర్థమిచ్చే మాట, గుండు చేయించుకున్న భిక్షువుకు 'పొడుగు జుట్టువాడు' అనే అర్థమిచ్చే మాట. రెండోదానిలో వెటకారం ఉందేమో గానీ, మొదటిది మాత్రం కప్పును చూసి మతాన్ని గుర్తుపట్టిన కాలానికి సాక్ష్యం.

ఆ హద్దు నిలవలేదు. వానలు ఎక్కువగా పడే నేల మీద, ఆసియా ప్రధాన భూభాగం నుంచి వచ్చిన నమూనా కప్పుల వాలు చాలలేదు. 990లో తిరిగి కట్టిన హోర్యూజి బౌద్ధాలయ ఉపన్యాస మందిరంలో, లోపల కనిపించే వాసాలను తక్కువ వాలుతో ఉంచి, వాటిపైన ఎక్కువ వాలుతో మరో కప్పును నిలిపారు. బయటినుంచి చూసేవారికి తెలియని ఈ రెండంతరాల ఏర్పాటే జపాన్ వాస్తుశిల్పంలో అన్నిటికంటే పెద్ద మలుపని నా అభిప్రాయం, ఎందుకంటే పైకప్పు ఆకారం ఆ తర్వాత లోపలి గదికి కట్టుబడి ఉండవలసిన అవసరం పోయింది. ఎటు కావాలంటే అటు వంగే బెరడు ఆ స్వేచ్ఛకు సరిగ్గా అమరింది. ఇత్సుకుషిమా షింటో క్షేత్రం వద్ద ఉన్న 1407 నాటి ఐదంతస్తుల బౌద్ధ గోపురం కప్పు కూడా బెరడుదే.

ద్వారాలదీ ఇదే దారి. బౌద్ధాలయ ద్వారం ఒక భవనమంత ఉంటుంది. నారాలో చోగెన్ అనే భిక్షువు ఆధ్వర్యంలో 1199లో తిరిగి లేచిన తోదాయిజి ఆలయ దక్షిణ మహాద్వారం సుమారు 25 మీటర్ల ఎత్తు. షింటో క్షేత్రాల ముందు నిలిపే తోరీ అనే ద్వారానికి సాధారణంగా కప్పూ ఉండదు, తలుపూ ఉండదు. (మన తోరణానికీ దానికీ సంబంధం ఉందని కొందరు పండితులు భావించారు గానీ, ఆ చర్చ తేలలేదు.) అయినా ఇత్సుకుషిమా వద్ద సముద్రంలో నిలిచిన 16.6 మీటర్ల తోరీ నెత్తిన బెరడు కప్పు ఉంది. షింటో క్షేత్రాలు సైతం బౌద్ధుల తరహాలో అంతస్తుల ద్వారాలు కట్టుకున్నాయి. 1868లో మెయిజీ ప్రభుత్వం రెండు మతాలను వేరుచేయాలని ఆదేశించాక, కమకురాలోని త్సురుగవోక హచిమన్ క్షేత్రంలో ద్వారపాలకుల ద్వారంతో సహా బౌద్ధ కట్టడాలను కూల్చివేశారు.

ఆ విధ్వంసం తర్వాత 1897లో ప్రాచీన ఆలయాల పరిరక్షణ చట్టం వచ్చింది. కట్టడాన్ని దాని అసలు సామగ్రితోనే మరమ్మతు చేయాలన్న పద్ధతి క్రమంగా స్థిరపడడంతో, బెరడు అవసరం శాశ్వతమైంది. ప్రభుత్వం 2006 నుంచి కొన్ని అడవులను ఈ సామగ్రి కోసం గుర్తిస్తోంది. 2020లో యునెస్కో ఈ వృత్తి నైపుణ్యాలకు వారసత్వ గుర్తింపు ఇచ్చింది. అయితే కియోమిజు కప్పును మళ్లీ మార్చవలసిన 2050, 2060ల నాటికి అక్కరకొచ్చే చెట్లు కొత్తగా నాటేవి కావు, ఈపాటికే పెరుగుతున్నవి. వాటిలో చాలా భాగం యుద్ధానంతరం కలప కోసం నాటినవి. యాభై, అరవై ఏళ్లకు నరకాలా, బెరడు కోసం మరికొన్ని దశాబ్దాలు నిలపాలా అన్నది వాటి యజమానుల చేతిలో ఉంది.