సిగార్ రీల్స్: అపోహలు - వాస్తవాలు

నేను విశాఖలో నోటి జబ్బులు చూసే దంతవైద్యుణ్ణి. ఈమధ్య పాతికేళ్ల కుర్రాళ్లు సిగార్ గురించి అడుగుతున్నారు. వాళ్లకు తెలిసిందల్లా రీల్స్‌లోని సిగారే: తోలు సోఫా, విస్కీ గ్లాసు, మెల్లగా లేచే పొగ.

అపోహ: పొగ లోపలికి పీల్చం, నోట్లో తిప్పి వదిలేస్తాం. ప్రమాదమేమీ లేదు.

వాస్తవం: ఎక్కువమందిని ముంచే మాట ఇదే. సిగరెట్ పొగలోని నికోటిన్ చాలావరకు ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలుస్తుంది. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ, అందుకని నోటి పొరల్లోంచే నికోటిన్ ఎక్కేస్తుంది. క్యాన్సర్ కారకాలు నాలుకకు, గొంతుకు తగులుతాయి, ఉమ్మితో పాటు అన్నవాహికలోకీ దిగుతాయి. పీల్చకపోయినా నోటి, గొంతు క్యాన్సర్లు వస్తాయన్న హెచ్చరికను పెట్టెల మీద వేయడానికి అమెరికాలో ఏడు పెద్ద సిగార్ కంపెనీలు 2000లోనే ఒప్పుకున్నాయి. రీల్‌లో ఆ పెట్టె వైపు కెమెరా తిరగదు.

అపోహ: చుట్ట నాటు, సిగార్ దర్జా.

వాస్తవం: రెండూ చుట్టిన పొగాకే. మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అవ్వల అంగిలి చూడండి. తెల్లగా మందమెక్కి, ఉమ్మి గ్రంథుల నోళ్లు ఎర్రచుక్కల్లా ఉబ్బి ఉంటాయి. నిప్పు నోట్లోనే ఉంటుంది కాబట్టి అంగిలి క్యాన్సర్ ముప్పు వాళ్లకు చాలా ఎక్కువ. నిప్పు బయటే ఉన్నా, సిగార్ తాగేవాళ్ల అంగిలి మీదా ఆ తెల్లదనం, ఆ చుక్కలు వస్తాయి. అవ్వ చుట్ట వెలిగిస్తే ముఖం తిప్పుకునే మనవడు సిగార్ ఫొటోకు లైక్ కొట్టడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఎప్పుడో ఒకటేగా!

వాస్తవం: పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్‌కు సరిపడా పొగాకు ఉండొచ్చు. గంటకు పైగా కాలుతుంది.

అపోహ: నా అకౌంట్, నా ఇష్టం. ఇది ప్రకటన కాదు.

వాస్తవం: డబ్బో మరో లాభమో పుచ్చుకుని చేస్తే ప్రకటనే. పొగాకు ఉత్పత్తులను అదుపు చేసే 2003 నాటి కోట్పా చట్టం జాబితాలో సిగార్ ఉంది. ప్రకటనల నిషేధాన్ని మీరితే మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పొగాకుకు పెయిడ్ ప్రమోషన్లు కుదరవని ఇన్‌స్టాగ్రామ్ కూడా 2019 డిసెంబరులో ప్రకటించింది. కానీ డబ్బు చేతులు మారిందో లేదో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ సందులోంచే ఈ వీడియోలు దూరుతున్నాయి.

ఇప్పటికే తాగుతుంటే, అద్దం ముందు ఫోన్ టార్చ్ వేసి అంగిలి చూసుకోండి. సిగార్ వల్ల వచ్చిన తెల్లదనం మానేస్తే సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, ఎర్రమచ్చ గానీ ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి.