నాలుగేళ్ళ చెట్టుకు కార్బన్ లెక్క

ఒంగోలు నుంచి కందుకూరు వైపు వెళ్తుంటే చేలల్లో జామాయిల్, సుబాబుల్ వాసాల్లా నిటారుగా కనిపిస్తాయి. ఈ తోటలకు కార్బన్ క్రెడిట్లు, అంటే చెట్లు గాలిలోంచి పీల్చి దాచిన కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి అమ్ముకునే పత్రాలు, వస్తాయా? ముందు ఇవి ఎవరి కోసం నాటారో చూడాలి.

తీరం ఇసుకలో సరుగుడు పాత కాపు. శ్రీహరికోటకు రాకెట్లు రాకముందు అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళేవి.

తర్వాత కాగితం మిల్లులొచ్చాయి. పరిశ్రమలు అడవి మీద పడకుండా, తమకు కావలసిన కర్రను రైతుల చేత పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. భద్రాచలంలోని ఐటీసీ కాగితం మిల్లు పెంచిన జామాయిల్ క్లోన్ మొక్కలు (మంచి చెట్టు కొమ్మల నుంచి తీసిన నకళ్ళు) మన మెట్టకూ చేరాయి. మేతకని తెచ్చిన సుబాబుల్ కూడా కాగితం కర్ర అయింది. 2000–01లో పొగాకుకు క్రాప్ హాలిడే చూసిన రైతుకు ఇది సుఖమైన పంటగా తోచింది. పొగాకు ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు మేలుకోనక్కర్లేదు, కూలీల టెన్షన్ తక్కువ. మూడు నాలుగేళ్ళకు కొట్టించి, లారీకెత్తి, కాటా వేయిస్తే సరి. మోడు నుంచి మళ్ళీ పిలకలొస్తాయి. ధర మాత్రం రైతు చేతిలో ఎప్పుడూ లేదు.

ఇక క్రెడిట్ల సంగతి. గాలిలోకి వదిలే కార్బన్‌ను తగ్గించాలన్న అంతర్జాతీయ క్యోటో ఒప్పందం 1997లో కుదిరింది, 2005లో అమల్లోకొచ్చింది. ఐటీసీ ఖమ్మం జిల్లా తోటల ప్రాజెక్టు 2009లో ఆ ఒప్పందం కింద క్రెడిట్ల కోసం ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదైంది. అయితే ఆ పద్ధతిలో చెట్లకిచ్చే క్రెడిట్లకు గడువుండేది. కొట్టేస్తే కార్బన్ మళ్ళీ గాలిలో కలుస్తుందన్న భయం. యూరప్ మార్కెట్ వాటిని అసలు తీసుకోలేదు.

కొలత ఇలా ఉంటుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే ఛాతీ దగ్గర, మానుకు టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుంటారు. దాన్నుంచి ఎండు బరువు కడతారు. అందులో సుమారు సగం కార్బన్. దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ బరువు వస్తుంది. టన్ను ఎండు కర్రకు ఇంచుమించు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అందులో టన్నుకో క్రెడిట్. వినడానికి బాగానే ఉంది. కానీ కొట్టి మళ్ళీ పెంచే తోటకు కోత ముందు రోజు బరువు చూపిస్తే ఒప్పుకోరు, ఏళ్ళ తరబడి సగటున ఎంత నిలిచిందో చూస్తారు.

ఇంకో చిక్కు. క్రెడిట్ డబ్బు లేకపోతే ఈ తోట వేసేవాళ్ళం కాదని చూపించాలి. ఇన్నేళ్ళుగా మిల్లు కోసమే నాటుతున్న చోట ఆ మాట ఎవరు నమ్ముతారు? ఖాళీ గట్ల మీద వేప, టేకు పెంచితే చూపించడం తేలిక. కాకపోతే వాటి కోసం నాలుగో ఏట లారీ రాదు.