గాలిమరను ముక్కలుగా తెస్తే పని సులువవుతుందా? అపోహలు - వాస్తవాలు

జడ్చర్ల, కొత్తకోట, బీచుపల్లి మీదుగా కర్నూలు దిక్కు పోయే రెక్కల ట్రైలర్లను 44వ నంబరు హైవే మీద చూసినవాళ్లకు వచ్చే అనుమానం ఒకటే: ఇంత పొడుగుదాన్ని కోసి తెచ్చి, అక్కడ అతికిస్తే అయిపోదా? అవుతుంది. కానీ రోడ్డు మీద తప్పించుకున్న కష్టం అతుకు దగ్గర ఎదురుపడుతుంది. ఎక్కడ విడదీయాలన్నది డ్రాయింగ్ వేసే రోజే తేలాలి, లారీ ఎక్కించే రోజు కాదు.

అపోహ: రెక్కను రెండు ముక్కలు చేస్తే ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: రవాణా ఖర్చు తగ్గుతుంది, రెక్క ఖర్చు పెరుగుతుంది. 60 మీటర్ల రెక్క 15 నుంచి 20 టన్నులుంటుంది. అచ్చులో గాజునార బట్టను పొరలుగా పరిచి, నడుమ బాల్సా చెక్కో ఫోమో పెట్టి, గాలి లాగేసి రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు) ఎక్కిస్తారు. భారం మోసేది మొదలు నుంచి కొస దాకా తెగకుండా పోయే నార పట్టీ. దాన్ని కోస్తే ఆ భారమంతా అతుకులోని బోల్టుల గుండా పోవాలి. అందుకే అక్కడ పొరల మందం పెంచాలి, లోహపు ఇన్‌సర్టులు కూర్చాలి. ఆ అదనపు బరువు హబ్‌కు (రెక్కలన్నీ బిగించే నడిమి భాగానికి) దూరంగా, రెక్క నడుమ పడుతుంది. తిరిగే ప్రతి చుట్టులో సొంత బరువే రెక్కను ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచుతుంది. నిమిషానికి 10 చుట్ల లెక్కన 20 ఏళ్లలో దాదాపు 10 కోట్ల సార్లు. అతుకు అలిసిపోయేది దీనివల్లే.

పిడుగు తీగ సంగతి చాలామంది మరుస్తారు. కొస నుంచి మొదలు దాకా పోయే ఆ తీగకూ అతుకు పడుతుంది. అది వదులుగా ఉంటే పిడుగు పడ్డప్పుడు అక్కడే నిప్పు లేచి రెసిన్ కాలుతుంది.

గమేసా కంపెనీ జీ128, జీఈ కంపెనీ సైప్రెస్ గాలిమరల్లో రెండు ముక్కల రెక్కలు వచ్చాయి. ఘాట్ మలుపులకు అది మంచి మార్గమే. పాలమూరు లాంటి చదును నేలలో, వెనుక చక్రాలు కూడా తిప్పుకునే ట్రైలర్ మీద ఒకే రెక్కగా తేవడమే మేలని మా అభిప్రాయం.

అపోహ: టవర్ రవాణాలో చిక్కంతా బరువుతోనే.

వాస్తవం: బరువుకు ఇరుసులు పెంచుకోవచ్చు. ఎత్తుకు మందు లేదు. హైవే వంతెనల కింద ఉండాల్సిన ఖాళీ 5.5 మీటర్లు. లోబెడ్ (నేలకు దగ్గరగా ఉండే ట్రైలర్) ఎత్తు, కింది దిమ్మలు, పైన కొంత వెసులుబాటు తీసేస్తే టవర్ వ్యాసం 4.3 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. వ్యాసం 5.5 మీటర్లకు పెంచగలిగితే, వంపును తట్టుకునే బలం వ్యాసం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదే బలానికి రేకు మందం దాదాపు 40 శాతం, ఉక్కు బరువు 20 శాతానికి పైగా తగ్గుతాయి. రేకు మరీ పలచనైతే నొక్కుకుపోతుంది కనుక ఆ లాభమంతా చేతికి రాదు.

అందుకే అడుగు భాగాన్ని నిలువునా మూడు చెక్కలుగా చీల్చి తెచ్చి సైట్లో బోల్టులతో బిగించే పద్ధతి వెస్టాస్ కంపెనీ తెచ్చింది. సుజ్లాన్ 2014లో కచ్‌లో నిలబెట్టిన 120 మీటర్ల టవర్‌కు కింది భాగం జాలీ టవరే (కడ్డీలు అల్లి కట్టింది). ఆ కోణపు కడ్డీలు మామూలు లారీలో వస్తాయి. బదులుగా బోల్టుల సంఖ్య, బిగించే మనుషులు, తనిఖీ రోజులు పెరుగుతాయి.

అపోహ: ఫ్యాక్టరీలో సరిపోయిన ఫ్లాంజ్ (టవర్ ముక్క కొసన బోల్టులు పట్టే చుట్టు అంచు) సైట్లోనూ సరిపోతుంది.

వాస్తవం: 4.3 మీటర్ల గొట్టానికి 20 మి.మీ. రేకు అంటే చాలా పలచన. పడుకోబెడితే సొంత బరువుకే కోడిగుడ్డులా అవుతుంది. అందుకే రెండు కొసలకూ లోపల అడ్డకడ్డీల చట్రం బిగించి పంపాలి. సైట్లో తొందరపడి దాన్ని ముందే విప్పితే బోల్టు రంధ్రాలు ఎదురుబొదురు కుదరవు. అప్పుడు రంధ్రాలను గ్రైండర్‌తో పెద్దవి చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

రెండు ఫ్లాంజ్‌లు కలిశాక ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచని రేకులతో) చుట్టూ చూడాలి. లోపలి అంచున కాస్త సందు ఉంటే అంత ప్రమాదం కాదు. బయట, అంటే రేకు దిక్కు సందు ఉంటే మాత్రం గాలి వంపు ప్రతిసారీ బోల్టునే లాగుతుంది, బోల్టు అలిసి తెగుతుంది. బోల్టు లాగుడుతోనే సందు మూసుకుంటుందిలే అనుకోవద్దు. ఆ సందుకు తగిన షిమ్ము (పలచని లోహపు బిళ్ల) పెట్టాకే బిగించాలి.

అపోహ: బోల్టు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: కావలసింది తిప్పే బలం కాదు, బోల్టులో పుట్టే లాగుడు. 10.9 గ్రేడు ఎం36 (36 మి.మీ. వ్యాసం) బోల్టుకు అది దాదాపు 570 కిలోన్యూటన్లు, అంటే 58 టన్నులు. తిప్పే బలంలో 90 శాతం దాకా రాపిడికే పోతుంది. మరలు ఎండిపోయినా, తుప్పు పట్టినా, దుమ్ము పట్టినా బిగించే పానా చూపించే అంకె సరిగ్గానే ఉంటుంది, లాగుడు మాత్రం కావలసినంత ఉండదు. అందుకే:

- బోల్టు, నట్టు, వాషరు ఒకే లాటువి వాడాలి. డబ్బా మూత వాడబోయేటప్పుడే తీయాలి.
- తయారీదారు చెప్పిన గ్రీజే, చెప్పిన చోటే రాయాలి.
- బోల్టు తల కింది వాషరు వాలు అంచు తల దిక్కు, నట్టు కింది వాషరుది నట్టు దిక్కు ఉండాలి.
- ఒక బోల్టు బిగించాక దాని ఎదురుది. మొదటి విడత కొంత, రెండో విడత పూర్తిగా.
- బిగించాక నట్టు, వాషరు, ఫ్లాంజ్ మీదుగా పెయింటు గీత గీయాలి. కదిలితే కంటికే కనిపిస్తుంది.

పూర్తిగా బిగించి విప్పిన బోల్టును మళ్లీ వాడకూడదు.

అపోహ: ట్రైలర్ మీద రెక్కకు దిమ్మ ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: రెక్క మీద గుర్తు పెట్టిన చోటే పెట్టాలి. అక్కడే లోపల బలం ఉంటుంది. పలచని వెనుక అంచు మీద పట్టీ నొక్కితే జిగురు అతుకు చిట్లుతుంది, పైకి కనిపించదు.

అపోహ: ఎండాకాలం గట్టిగా ఉన్న నేల మీద క్రేన్ నిలబడుతుంది.

వాస్తవం: ఎర్ర చల్క మీద కొంత నయం. నల్లరేగడి ఎండలో రాయిలా ఉండి ఒక్క వానకు ముద్దవుతుంది. పై మట్టి తీసేసి, మొరం 150-200 మి.మీ. పొరలుగా పోసి, ప్రతి పొరకూ రోలర్ కొట్టాలి. క్రేన్ పట్టాల కింద ఉక్కు ప్లేట్లు పరవాలి.

మనకు గాలి బాగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. కరెంటుకు అదే మంచి కాలం, ఎత్తడానికి అదే చెడ్డ కాలం. గాలి వేగం కింద కాదు, క్రేన్ బూమ్ కొసన కొలవాలి. సెకనుకు 8-10 మీటర్లు దాటితే రెక్కను ఎత్తడం ఆపేయాలి. నాసెల్ (పైన జనరేటర్ ఉండే పెట్టె) లేకుండా ఒంటరిగా నిలబడ్డ టవర్ మామూలు గాలికే లయగా ఊగడం మొదలుపెట్టొచ్చు. కాబట్టి టవర్ పై ముక్క, నాసెల్ రెండూ ఒకే రోజు ఎక్కించేంత సమయం, గాలి సూచన ఉంటేనే పై ముక్కకు తాళ్లు కట్టాలి.