పాత డెస్క్‌టాప్‌కి ఫార్మాట్ కొట్టించే ముందు: అపోహలు, వాస్తవాలు

నేను కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తాను. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసిన దగ్గర్నుంచి నా దగ్గరికి పాత డెస్క్‌టాప్‌లు బాగా వస్తున్నాయి. కొందరు అమ్మేద్దామని తెస్తారు, కొందరు ఊళ్లో చుట్టాల పిల్లలకి ఇద్దామని. అందరిదీ ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టి ఇచ్చేయండి." ఆ ఒక్క మాటలో ఉన్న పొరపాట్ల వల్ల పిల్లల చిన్నప్పటి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను, బంగారంలాంటి మెషీన్‌ని తూకానికి అమ్మేసినవాళ్లనీ చూశాను. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఫార్మాట్ కొడితే డేటా మొత్తం పోయినట్టే.

పోదు. క్విక్ ఫార్మాట్ తుడిచేది ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే చిట్టాని మాత్రమే, ఫైళ్లు డిస్క్ మీద అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తవి పడేదాకా. ఒకసారి సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్క్ కొని, అనుమానం వచ్చి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాను. ఎవరింట్లోదో పెళ్లి ఫొటోలు, ఆధార్ స్కాన్‌లు, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ బయటికొచ్చాయి. చూస్తుంటే నాకే భయమేసింది. వెంటనే మొత్తం తుడిచేశాను, కానీ అది ఇంకొకరి చేతిలో పడి ఉంటే?

నిజంగా తుడవాలంటే డిస్క్ అంతటా సున్నాలు రాయాలి. విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో "క్లీన్ ఆల్" ఇస్తే ఆ పని జరుగుతుంది. ఉత్త "క్లీన్" ఇస్తే జరగదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. డిస్క్ నంబర్ రెండుసార్లు సరిచూసుకోండి, బ్యాకప్ తీసిన డ్రైవ్‌ని ముందే పీకి పక్కన పెట్టండి, ఎందుకంటే ఈ కమాండ్ తర్వాత వెనక్కి రావడం ఉండదు. 500 జీబీ పాత హార్డ్ డిస్క్‌కి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. కరెంటు పోతే మళ్లీ మొదటికే కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి. ఎస్ఎస్‌డీ (తిరిగే డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) అయితే పద్ధతి వేరు: అది ఏ డేటాని ఏ చిప్‌లో పెట్టాలో తనే మార్చుకుంటూ ఉంటుంది, పైపైన సున్నాలు రాస్తే కొన్ని మూలలు మిగిలిపోవచ్చు. తయారుచేసిన కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ టూల్ వాడాలి.

35 సార్లు తుడవాలని కొందరు చెబుతారు. ఆ లెక్క 1996లో పీటర్ గట్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అప్పటి డిస్క్‌ల కోసం రాసిన పేపర్‌లోది. ఇప్పటి హార్డ్ డిస్క్‌కి ఒక్కసారి పూర్తిగా తుడిస్తే చాలు.

అపోహ: నా ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, సి కొడితే ఏమీ కాదు.

మీరు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఇవన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. టాలీ డేటా కూడా చాలా షాపుల్లో సి లోనే ఉంటుంది. బ్యాకప్ తీశాక దాన్ని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. కాపీ అయిందంటే సరిపోదు, ఫైల్ తెరుచుకోవాలి.

అపోహ: విండోస్ 11 పడకపోతే ఆ మెషీన్ తుక్కే.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రత కోసం కంప్యూటర్‌లో ఉండే చిప్ లాంటి ఏర్పాటు) కావాలి, ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. కానీ 4వ తరం ఐ3, 4 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లైనక్స్ మింట్‌లో తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కిస్తే పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి, యూట్యూబ్‌కి, ఉత్తరాలు టైప్ చేసుకోవడానికి హాయిగా పనిచేస్తుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు టైపింగ్ కూడా అందులో ఉంది. పెన్‌డ్రైవ్ నుంచే ముందు నడిపి చూడండి, వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ పలికాకే ఇన్‌స్టాల్ నొక్కండి.

అయితే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ వాళ్లకి, టాలీ మీద బతికే షాపుకి లైనక్స్ ఎక్కించమని నేను చెప్పను. వాళ్ల రోజువారీ పని ఆగిపోతుంది. టెక్నికల్ అడ్డంకులు దాటించి పాత మెషీన్‌లో విండోస్ 11 వేసే మార్గాలూ ఉన్నాయి, కానీ అప్‌డేట్లకి గ్యారంటీ లేదు, కోర్ 2 డుయో లాంటి వాటిలో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి అసలు బూటే అవ్వదు. డబ్బు తీసుకుని చేసే పని కాదది.

అపోహ: విండోస్ లైసెన్స్ కీ పోయింది కాబట్టి క్రాక్ (దొంగ యాక్టివేషన్) వేయాల్సిందే.

అవసరం లేదు. ఆ కంప్యూటర్‌లో విండోస్ 10 ముందు ఒరిజినల్‌గా యాక్టివేట్ అయి ఉంటే, చాలా వాటిలో లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తీసుకుని అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఇంకొకటి. కొత్తగా వేసిన ఓఎస్‌లో ఏ వెబ్‌సైట్ తెరిచినా సెక్యూరిటీ హెచ్చరిక వస్తుంటే వైరస్ అని టెన్షన్ పడి మళ్లీ ఫార్మాట్ కొట్టించకండి. ముందు తేదీ చూడండి. అది ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. అది మార్చి, బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకుంటాయి.