చేతికి నప్పే హ్యాండ్‌గన్, జింకల వేటలో నీతి: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హ్యాండ్‌గన్ షూటింగ్ నేర్పడం నా పని. వేట సీజన్ దగ్గర పడేకొద్దీ నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ గన్ కొనమంటారు అనేది మొదటిది. రెండోది చివర్లో, కాస్త మొహమాటంగా వస్తుంది: జింకను కాల్చడం తప్పు కాదా అని. వీటికి సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. నా మట్టుకు ఇవి ఒకే ప్రశ్న. చేతికి నప్పని గన్‌తో అడవిలోకి వెళ్ళినవాడు జింకను చంపడు, కుంటిదాన్ని చేసి వదిలేస్తాడు. వేటలో అంతకు మించిన తప్పు లేదు. ఇక్కడ రాసేదంతా అమెరికా సంగతి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం, అక్కడ ఈ చర్చకే చోటు లేదు.

అపోహ: పెద్ద జంతువుకు పెద్ద గన్ కావాలి. పేలినప్పుడు వెనక్కి ఎంత తన్నితే అంత మంచిది.

హ్యాండ్‌గన్ తూటాల పేర్లలోని అంకె దాదాపుగా తూటా వ్యాసం, అంగుళాల్లో. మ్యాగ్నమ్ అంటే ఎక్కువ బలంతో పేలే రకం. .357 మ్యాగ్నమ్ 1935లో వచ్చింది, .44 మ్యాగ్నమ్ 1955లో. 2003లో స్మిత్ అండ్ వెసన్ అనే గన్ కంపెనీ .500 మ్యాగ్నమ్ తెచ్చింది. కొత్తగా వేటకు దిగే కుర్రాళ్ళ చూపు నేరుగా ఆ చివరిదాని మీదే పడుతుంది. నిజానికి ఇక్కడ ఎక్కువగా వేటాడే తెల్లతోక జింక, అంటే వైట్‌టెయిల్, అంత మొండి జంతువేం కాదు. పక్కనుంచి దూరిన తూటా రెండు ఊపిరితిత్తుల్నీ చీల్చుకుని అవతలికి వెళ్తే చాలు. ఆ పనికి .44 పుష్కలంగా సరిపోతుంది. దూరం తక్కువైతే, సరైన బుల్లెట్ వాడితే .357 కూడా చేస్తుంది.

హ్యాండ్‌గన్ తూటా వేగం మామూలుగా రైఫిల్ తూటా వేగంలో సగం ఉంటుంది. రైఫిల్ తూటా తన దారికి చుట్టూ ఉన్న కండను కూడా చెదరగొడుతుంది. హ్యాండ్‌గన్ తూటా ముఖ్యంగా తను వెళ్ళిన దారి మేరకే పని చేస్తుంది. అందుకే ఇక్కడ గురికి ఉన్న విలువ బలానికి లేదు.

గురిని చెడగొట్టేది ఉలికిపాటు. గన్ తన్నబోతోందని శరీరానికి ముందే తెలుసు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కేలోపే రెప్పలు వాలతాయి, మణికట్టు గన్ మూతిని కిందికి తోస్తుంది. కుడిచేతి వాటం వాళ్ళకు తూటా తరచుగా కిందికి, ఎడమకు పోతుంది. వెంటనే పేలుడు జరుగుతుంది కాబట్టి తాను ఉలిక్కిపడ్డ సంగతి కాల్చినవాడికే తెలియదు. దాన్ని పట్టుకునే పరీక్ష చాలా సులువు. రివాల్వర్ మీరు లోడ్ చేయకండి, పక్కవాళ్ళను చేయమనండి. అసలు తూటాల మధ్య రెండు మూడు డమ్మీలు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, కలపమనండి. డమ్మీ మీద సుత్తి పడ్డప్పుడు గన్ కదలకుండా ఉందా, మూతి కిందికి వంగిందా? జిమ్‌లో కండలు పెంచిన వాళ్ళ గన్ కూడా ఇక్కడ తలదించుకోవడం నేను మామూలుగా చూసేదే. కండబలానికీ ఈ ఉలికిపాటుకూ సంబంధం లేదు.

ఈ ఉలికిపాటుకు విరుగుడు కూడా ఉంది. .44 మ్యాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్, .357లో .38 స్పెషల్ నిక్షేపంగా పేలతాయి, తన్ను బాగా తక్కువ. మొదట వాటితో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళాలి. ఉలికిపాటు తిరిగొస్తే మళ్ళీ కిందికి దిగాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: గన్ తేలిగ్గా ఉంటే సౌకర్యం. ఆడవాళ్ళకు, చిన్న చేతుల వాళ్ళకు చిన్న గన్ ఇవ్వాలి.

దీన్ని ఎన్నిసార్లు ఖండించినా మళ్ళీ మొలుస్తూనే ఉంటుంది. ఒకే తూటా పేల్చినప్పుడు గన్ బరువు సగానికి తగ్గితే అది వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది. భౌతికశాస్త్రం పాఠం అంతే. స్మిత్ అండ్ వెసన్‌లో స్కాండియం, టైటానియం అనే తేలికపాటి లోహాలు వాడి చేసిన 329పీడీ అనే .44 మ్యాగ్నమ్ ఉంది. బరువు దాదాపు 25 ఔన్సులు. స్టీల్‌తో చేసిన, ఆరంగుళాల బ్యారెల్ ఉన్న .44లు 45 ఔన్సుల చుట్టుపక్కల ఉంటాయి. రోజంతా నడుముకు కట్టుకుని కొండలెక్కడానికి 329పీడీ అంత సుఖమైనది లేదు, దానితో ఒక పెట్టె తూటాలు ఖాళీ చేయడమంత నరకమూ లేదు. గన్‌ను మోసే పని ఎక్కువా, కాల్చే పని ఎక్కువా అన్నది ముందు తేల్చుకోవాలి. వేటకైతే నేను బరువు వైపే ఓటేస్తాను.

చేతి కొలత సంగతి వేరు. అది నిజంగానే ముఖ్యం, కానీ చూడాల్సింది గన్ సైజు కాదు, పిడి కొలత. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం పిడి వెనక భాగంలో వీలైనంత పైకి ఆనాలి. బ్యారెల్ మీ ముంజేతికి తిన్నగా ఒకే గీతలో ఉండాలి. ఆ పట్టు సడలకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలు అందక గన్‌ను అరచేతిలో కొంచెం తిప్పి పట్టుకున్నారంటే తన్ను మొత్తం బొటనవేలి కీలు మీద పడుతుంది. రెండు రోజులు చెయ్యి నొప్పి పుడుతుంది, మూడో రోజు నుంచి ఉలికిపాటు మొదలవుతుంది. చాలా రివాల్వర్లకు గ్రిప్ మార్చుకోవచ్చు. సన్నటి గ్రిప్ వేస్తే పెద్ద గన్ కూడా చిన్న చేతికి అమరుతుంది. రెండంగుళాల బ్యారెల్ ఉన్న బుల్లి రివాల్వర్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ గురి చూసి కొట్టడానికి అంత కష్టమైనది ఇంకోటి లేదు.

పాత కౌబాయ్ తరహా సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ సుత్తిని వేలితో వెనక్కి లాగి పేల్చే) రివాల్వర్ పిడి అరచేతిలో పైకి దొర్లుతుంది, తన్ను నేరుగా తగలదు. కొందరికి ఇది ప్రాణం. రూగర్ కంపెనీ సూపర్ బ్లాక్‌హాక్ రివాల్వర్ పాత మోడళ్ళలో ట్రిగ్గర్ గార్డ్ వెనక అంచు చతురస్రంగా ఉండి, కొందరి మధ్యవేలి కణుపు మీద ప్రతిసారీ మొట్టికాయ వేస్తుంది. ఒకే గన్ ఇద్దరికి రెండు రకాలుగా ఉంటుందనడానికి ఇదే సాక్ష్యం. కాబట్టి, అన్నయ్యలూ, వదినగారికి ఏది నప్పుతుందో మీరు కౌంటర్ దగ్గర నిలబడి చెప్పకండి. ఆవిడనే కాల్చి చూసుకోనివ్వండి.

అపోహ: షాపులో పట్టుకుంటే చేతిలో భలే కుదిరింది, ఇక చాలు.

ఖాళీ గన్ అన్నీ బాగానే కుదురుతాయి. అద్దెకు తీసుకుని కాల్చండి, వేటలో వేసుకునే గ్లౌజులతో కాల్చండి, నేల మీద కూర్చుని కాల్చండి. అలా చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. రివాల్వర్ సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నటి సందు ఉంటుంది. పేలినప్పుడు అందులోంచి వేడి వాయువు కత్తిలా వస్తుంది. పిస్టల్ పట్టుకునే అలవాటుతో రెండో చేతి బొటనవేలిని ముందుకు చాపితే, పెద్ద మ్యాగ్నమ్‌లలో ఆ వేలు తీవ్రంగా గాయపడుతుంది. రెండోది చెవులు. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క పేలుడు చాలు, వినికిడి శాశ్వతంగా దెబ్బతినడానికి. మ్యాగ్నమ్ రివాల్వర్లు 160 దాటుతాయి. గన్ మూతికి బ్రేక్ (వాయువును పక్కలకు మళ్ళించే ముక్క) బిగిస్తే తన్ను తగ్గుతుంది కానీ మోత ఇంకా పెరుగుతుంది. అడవిలో ఒక్క షాటే కదా అని చెవులు కప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చిన్న శబ్దాల్ని వినిపిస్తూ పేలుడును ఆపే ఎలక్ట్రానిక్ మఫ్‌లు దొరుకుతున్నప్పుడు ఆ మొండితనం దేనికి?

అపోహ: హెచ్-1బీ మీద ఉన్నా రేంజ్‌లో గన్ అద్దెకు తీసుకుని కాల్చడానికి అడ్డేమీ లేదు.

ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు మామూలుగా గన్ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో కాసేపు చేతిలో పట్టుకున్నా అది వర్తించవచ్చు. దీనికున్న మినహాయింపుల్లో అందరూ వాడేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. ఇమిగ్రేషన్ ఫైలు నడుస్తుంటే ఇలాంటి చిన్న పొరపాటు కూడా పెద్ద టెన్షన్ అవుతుంది కాబట్టి ముందు లాయర్‌ను అడగండి.

అపోహ: రేంజ్‌లో 100 గజాలు కొట్టాను, జింకను కూడా కొట్టగలను.

ఎలా కొట్టారు? బెంచీ మీద ఇసుక సంచి పెట్టి, గుండె నిమ్మళంగా కొట్టుకుంటుంటే. జింక కనబడ్డాక ఆ గుండె మీ మాట వినదు.

జింక గుండె, ఊపిరితిత్తులు కలిపి ఉండే భాగం ఎనిమిది పది అంగుళాల వెడల్పు, అంటే ఒక పేపర్ ప్లేటంత. నేను పెట్టే పరీక్ష ఇదే. ప్లేటును 25 గజాల్లో పెట్టి, అడవిలో ఎలా కాలుస్తారో అలాగే కాల్చాలి: కూర్చుని, లేదా షూటింగ్ స్టిక్స్ (గన్‌ను ఆనించుకునే ఊతకర్రలు) మీద ఆనించి, కాస్త పరిగెత్తి వచ్చి రొప్పుతూ. ఆరుకు ఆరూ ప్లేటులో పడితే పది గజాలు వెనక్కి జరగాలి. ఒక్కటి బయటికి పోయిన చోట ఆగి, ఒక మెట్టు ముందుకు రావాలి. ఆ సీజన్‌కు మీ హద్దు అదే. చాలామంది హద్దు 50 గజాల లోపలే తేలుతుంది. అది విని ముఖం చిన్నబుచ్చుకుంటారు. విల్లుతో వేటాడేవాళ్ళు దాదాపు అంతే దూరాల్లో వేటాడుతున్నారు. దగ్గరికి చేరుకోవడమే వాళ్ళ విద్య, హ్యాండ్‌గన్ వేట కూడా ఆ కోవలోదే. హ్యాండ్‌గన్‌తో జింకను కొట్టడం క్రూరత్వం అనేవాళ్ళకు నా జవాబు కూడా ఇదే. తన హద్దు తెలిసి ఆగేవాడి హ్యాండ్‌గన్ కంటే 400 గజాల నుంచి అదృష్టాన్ని నమ్ముకుని పేల్చే రైఫిల్ ఎక్కువ క్రూరమైనది.

పక్కకు తిరిగి గానీ, కొంచెం అవతలి వైపు మళ్ళి గానీ నిలబడ్డ జింకనే కొట్టాలి. ఎదురుగా చూస్తున్నదాన్ని, పరిగెడుతున్నదాన్ని, తలను హ్యాండ్‌గన్‌తో ప్రయత్నించవద్దు.

అపోహ: తూటా తగిలితే జింక అక్కడికక్కడే కూలుతుంది. పరిగెత్తిందంటే తగల్లేదన్నమాట.

రెండు ఊపిరితిత్తులూ చిల్లుపడ్డ జింక కూడా 50, 100 గజాలు దౌడు తీస్తుంది. తగల్లేదనుకుని వెనుదిరిగినవాళ్ళ వల్ల ఎన్నో జింకలు పొదల్లో కుళ్ళిపోతాయి. అది నిలబడ్డ చోటికి వెళ్ళి నెత్తురు చూడాలి. గులాబీ రంగులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి బయల్దేరవచ్చు. నల్లటి ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలైనా ఆగాలి. ఆకుపచ్చగా, కంపు కొడుతూ ఉంటే పేగులు. ఎనిమిది గంటలు, ఇంకా ఎక్కువే ఆగాలి. వెంటనే వెంటపడితే పడుకున్న జింక లేచి మైళ్ళు పోతుంది, ఇక దొరకదు. పట్టీ కట్టిన కుక్కతో వెతకడానికి చాలా రాష్ట్రాల్లో అనుమతి ఉంది. ఆ కుక్కల వాళ్ళ నంబరు సీజన్‌కు ముందే ఫోనులో ఉండాలి.

అపోహ: చట్టం ఒప్పుకుందంటే నీతి కూడా ఒప్పుకున్నట్టే.

చట్టాలు రాష్ట్రానికొక తీరు. టెక్సాస్‌లో జింక మీద .22 లాంటి రిమ్‌ఫైర్ తూటా (అడుగు అంచు మీద సుత్తి తగిలితే పేలే చిన్న రకం) వాడకూడదు. ఒహాయోలో హ్యాండ్‌గన్ బ్యారెల్ కనీసం ఐదంగుళాలు ఉండాలి, తూటా .357కు తగ్గకూడదు. ఇవి అడుగు మెట్లు మాత్రమే. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ ముందుండి స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ 'ఫెయిర్ చేజ్' అనే మాటకు ప్రాచుర్యం తెచ్చింది: స్వేచ్ఛగా తిరిగే జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలి అని.

మేత పెట్టి కాల్చడం టెక్సాస్‌లో ప్రైవేటు భూముల్లో చట్టబద్ధం, మరికొన్ని రాష్ట్రాల్లో నేరం. ఇది ఫెయిర్ చేజ్ కాదని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను అంత తేలిగ్గా తీర్పు చెప్పలేను. కొత్తవాడు మేత దగ్గర 30 గజాల్లో నిశ్చలంగా నిలబడ్డ జింకను ఒక్క షాటుతో చంపితే, అడవిలో 100 గజాల్లో నడుస్తున్న బక్‌ను (మగ జింకను) గాయపరచిన వీరుడి కంటే నాకు అతనే నయం. ఎత్తైన కంచె లోపల డబ్బులిచ్చి కొమ్ములు కొనుక్కోవడాన్ని మాత్రం వేట అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: వేటగాళ్ళే జింకల్ని నాశనం చేస్తున్నారు. దీనికి ఎదురు అపోహ: వేటగాళ్ళే జింకల్ని కాపాడారు.

1900 నాటికి అమెరికాలో వైట్‌టెయిల్ జింకలు 5 లక్షల దాకా మిగిలాయని అంచనా. మాంసం అమ్మకం కోసం సాగిన వేటే దానికి ముఖ్య కారణం. ఇప్పుడు సుమారు 3 కోట్లు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ళు, తూటాల మీద 11 శాతం, తర్వాత 1970లో చేర్చిన ప్రకారం హ్యాండ్‌గన్‌ల మీద 10 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు, వేట శిక్షణకు వెళ్తుంది. ఆ మేరకు గర్వపడవచ్చు. కానీ ఆ పన్ను కట్టేవాళ్ళలో వేటకు ఎన్నడూ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. జింకలు ఇంతగా పెరగడానికి తోడేళ్ళను తుడిచిపెట్టడం కూడా ఒక కారణం. కొమ్ములకోసం వేటకెళ్ళి పర్యావరణ సేవ అని చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది.

అపోహ: వండితే అన్నీ పోతాయి, మాంసానికి భయమేంటి?

సీసపు తూటా లోపల ముక్కలై కంటికి కనబడని రేణువులుగా మాంసంలో చెదురుతుంది. వదిలేసిన పేగుల్ని తిన్న గద్దలకు, కాండోర్ రాబందులకు అదే విషం. 2019 జూలై నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసం పూర్తిగా నిషేధం. రాగి తూటాలు బాగా పని చేస్తాయి, కాకపోతే అవి వేరే చోట తగులుతాయి కాబట్టి గురి మళ్ళీ సరిచేసుకోవాలి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఇంకో సంగతి. 1967లో కొలరాడోలో మొదట బయటపడ్డ ఈ జింకల జబ్బుకు కారణం ప్రియాన్లు అనే రూపం చెడిన ప్రొటీన్లు, అవి వంట వేడికి నశించవు. ఇది మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణ కాలేదు. అయినా జబ్బున్న జింక మాంసం తినవద్దని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. జబ్బున్న ప్రాంతంలో వేటాడితే శాంపిల్ ఇచ్చి పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉండనివ్వండి, స్నేహితులకు అప్పుడే పంచేయకండి.